నగరాల అంచున జీవవైవిధ్య పరిరక్షణ ప్లానింగ్ మీద పీహెచ్‌డీ: ఎక్కడ మొదలెట్టాలి?

చెరువుగట్టు:

అందరికీ నమస్తే. ఎకాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్లుగా ఒక మ్యాపింగ్ కంపెనీలో చేస్తున్నాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా శాటిలైట్ ఇమేజ్‌ల మీద ఇళ్లు, రోడ్లు, నీళ్లు, చెట్లు విడివిడిగా గీయడమే పని. మా లెజెండ్‌లో (మ్యాప్‌లో ఏ రంగు దేనికో చెప్పే పట్టిక) "ఖాళీ స్థలం" అని ఒక క్లాస్ ఉంది, లేత పసుపు రంగు. నగరం చివర గడ్డి బీడు, ముళ్లపొదలు, రాతి గుట్ట, వానలప్పుడు మాత్రమే నీళ్లు నిలిచే కుంట, అన్నీ ఆ పసుపులోకే పోతాయి. మొన్న ఒక టైల్ (మ్యాప్ ముక్క) చేస్తుంటే గుర్తుపట్టాను, నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి బల్లుల సర్వే చేసిన గుట్టే అది. దాన్ని కూడా పసుపు చేసి సబ్మిట్ చేసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం అవుతుంది కానీ అప్పట్నుంచి లోపల గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే నగరాల చుట్టూ ఉండే జీవవైవిధ్యాన్ని ముందే ప్లాన్ చేసి కాపాడటం మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. అయితే ఇది జువాలజీ, ఎకాలజీ వాళ్ల దగ్గర చేయాలా, అర్బన్ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో చేయాలా, జాగ్రఫీలోనా అన్నదే తేలడం లేదు. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) బాగా వచ్చు, ఆర్ (స్టాటిస్టిక్స్‌కి వాడే ప్రోగ్రామింగ్ భాష) మాత్రం అంతంతే. ఇరవై పైచిలుకు ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టాను, ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ ఫండింగ్ లేదన్నారు. ఇంతకీ ఈ సబ్జెక్టులో చేయడానికి ఇంకా ఏమైనా మిగిలిందా, లేక అందరూ కారిడార్ (జంతువులు కదిలే దారుల) మ్యాపులు గీసేసి అయిపోయిందా? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

తూనీగ:

మీ పసుపు రంగు కథ చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. దాని సంగతి చివర్లో చెప్తాను. నేను థీసిస్ రాస్తూ ఉన్నాను (రాస్తూ ఉన్నాను అని ఏడాదిగా చెప్తున్నాను, అది వేరే విషయం).

ముందు డిపార్ట్‌మెంట్ గొడవ. బోర్డు మీద పేరు కాదు చూడాల్సింది, ఆ గైడ్ దగ్గర చేసిన పాత విద్యార్థులు ఏ పేపర్లు రాశారో చూడండి. ఎకాలజీ వాళ్ల దగ్గర చేరితే జీవుల మీద పట్టు దొరుకుతుంది, ప్లానింగ్ వాళ్ల దగ్గర చేరితే నిర్ణయాలు ఎలా జరుగుతాయో తెలుస్తుంది. రెండూ ఒకే గదిలో దొరకవు కాబట్టి ఒకచోట చేరి రెండో వైపు నుంచి కో-గైడ్‌ని పెట్టుకోవడమే చాలామంది చేసేది. మీకు ఎకాలజీ చదువు ఎలాగూ ఉంది, నేనైతే ప్లానింగ్ లేదా జాగ్రఫీ వైపు మొగ్గుతాను.

ఇక సబ్జెక్టు. 2000లో మార్గ్యూల్స్, ప్రెస్సీ "నేచర్"లో ఒక వ్యాసం రాశారు, ఈ రంగంలో అందరూ దాని దగ్గర్నుంచే మొదలెడతారు. అంతకుముందు రక్షిత ప్రాంతం అంటే అందంగా ఉన్న చోటో, ఎవరికీ పనికిరాని చోటో. వాళ్లన్నది ఏమిటంటే లెక్క వేసి ఎంచుకోండి, ఒక చోటు విలువని విడిగా చూడకండి, ఇప్పటికే కాపాడుతున్నవాటికి అది కొత్తగా ఏం కలుపుతుందో చూడండి అని. ఉదాహరణకి ఒక అడవిలో 40 జాతుల పక్షులున్నాయి, ఆ 40కీ ఇంకెక్కడో రక్షణ ఉంది. పక్కన బీడులో ఆరే జాతులు, కానీ వాటిలో మూడు ఇంకెక్కడా రక్షణలో లేవు. అప్పుడు ముందు కొనాల్సింది బీడు. దీన్నే కాంప్లిమెంటారిటీ అంటారు. వినడానికి చాలా సింపుల్, కానీ అడవిని పక్కనపెట్టి బీడు కొనమని కమిటీలో చెప్పి చూడండి, మిమ్మల్ని ఎలా చూస్తారో.

ఈ లెక్క చేసే సాఫ్ట్‌వేర్లలో మార్క్సాన్ పాతది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ జోన్లు మార్చినప్పుడు దాన్ని వాడారు, 2004లో చేపల వేట పూర్తిగా నిషేధించిన భాగం 5 శాతం లోపు నుంచి 33 శాతం దాకా పెరిగింది. జొనేషన్ హెల్సింకి యూనివర్సిటీ వాళ్లది. ఆర్‌లో అయితే ప్రయారిటైజర్ అనే ప్యాకేజీ ఉంది, నేను వాడేది అదే. మూడూ ఉచితం. జీఐఎస్ వచ్చినవాళ్లకి నడపడం నెల రోజుల పని. కాబట్టి "మార్క్సాన్ వచ్చు" అనేది అర్హతగా చెప్పుకోకండి, అది కారు డ్రైవింగ్ వచ్చు అన్నట్టే. ఆర్ మాత్రం గట్టిగా పట్టండి, దానికి వేరే దారి లేదు.

ఇదే లెక్కని నగరం పక్కన చేస్తే ఏం మారుతుందో చెప్తాను, పీహెచ్‌డీలు పుట్టేది అక్కడే. ప్రపంచంలో రక్షిత ప్రాంతాలు ఎక్కువగా ఎత్తు ప్రదేశాల్లో, జనానికి దూరంగా, ఎవరూ ఆశపడని నేలల్లో ఉన్నాయని 2009లో జొప్పా, ఫాఫ్ చూపించారు. నగరాలు దీనికి పూర్తిగా రివర్స్. అవి నది పక్కన, సారవంతమైన మైదానంలో, తీరం దగ్గర పుడతాయి, సరిగ్గా జీవులు కూడా ఎక్కువ ఉండే చోట్ల. ఆస్ట్రేలియాలో అంతరించే ముప్పున్న జాతుల్లో 30 శాతం నగరాల్లో కూడా ఉన్నాయని 2016 నాటి ఒక అధ్యయనం. అంటే నగరాన్ని వదిలేసి దూరపు అడవుల్లోనే పరిరక్షణ చేస్తామంటే కుదరదన్నమాట. ఇక 2012లో సెటో బృందం వేసిన అంచనా ప్రకారం 2000 నుంచి 2030 లోపు నగరాల కిందికి కొత్తగా వచ్చే నేల 12 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ గడువు మన కళ్ల ముందే ఉంది.

దానికితోడు భూమి ధర. అడవి మధ్యలో ఒక గ్రిడ్‌కీ (మ్యాప్‌లో ఒక గడి) పక్క గ్రిడ్‌కీ ధరలో పెద్ద తేడా ఉండదు, మోడల్‌లో అన్నిటికీ ఒకే ధర వేసినా నడిచిపోతుంది. నగరం అంచున రోడ్డుకి ఈ పక్క ఒక ధర, ఆ పక్క ఇంకో ధర, కొత్త రోడ్డు వస్తుందన్న మాట బయటికి పొక్కితే ఆరు నెలల్లో రెండూ తారుమారు. మీ మోడల్ రన్ అయ్యేలోపు ఇన్‌పుట్ పాతబడిపోతుంది. ఇది తలనొప్పే, కానీ థీసిస్ కూడా ఇదే.

నా సొంత దెబ్బ ఒకటి చెప్తాను. మొదటి ఏడాది నగరం అంచున పక్షుల లెక్కకి పాయింట్లు పెట్టుకున్నాను. రెండో ఏడాది అదే నెలలో జీపీఎస్ పట్టుకుని ఒక కుంట దగ్గరికి వెళ్తే కుంట లేదు. ఎర్రమట్టి కొత్తగా చదును చేసి ఉంది, దాని మీద పొక్లెయిన్ గొలుసు అచ్చులు, వరసగా నాటిన తెల్ల రాళ్లు, వాటి మీద పెయింట్‌తో నంబర్లు. జీపీఎస్ మాత్రం "మీరు పాయింట్ చేరుకున్నారు" అంటోంది. ఒక తెల్ల రాయి మీద నీటి కొంగ కూర్చుని ఉంది, దానికీ నాలాగే అడ్రస్ దొరకనట్టుంది. ఆ పాయింట్ డేటా పోయిందని వారం ఏడ్చాను. మా గైడ్ ఒక్క మాటన్నారు, "పోయింది పాయింట్ కాదు, నీకు రిజల్ట్ వచ్చింది" అని. అప్పట్నుంచి మాయమైన పాయింట్లన్నీ ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య మాయమయ్యాయో సెంటినెల్-2 అనే యూరప్ శాటిలైట్ల ఇమేజ్‌లలో వెతికి రాసుకోవడం మొదలెట్టాను. 10 మీటర్ల ఇమేజ్, 2015 నుంచి ఉచితంగా ఉంది. నా మూడో చాప్టర్ అదే.

నక్షావాలా:

నేను అవతలి గట్టు మీద ఉండేవాణ్ణి, నగరాల మాస్టర్ ప్లాన్లు తయారుచేసే ఆఫీసులో పదేళ్లు చేశాను. తూనీగ గారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఒక చేదు మాట కూడా వినండి. మీ మ్యాపులు మా దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

ఎలా అంటే, మాస్టర్ ప్లాన్ పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒకసారి మారుస్తారు. ఆ కిటికీ తెరుచుకుని ఉండేది ఏడాదో రెండేళ్లో. మీ పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు. కిటికీ తెరిచినప్పుడు మీరు కోర్స్‌వర్క్‌లో ఉంటారు, మీ పేపర్ వచ్చేసరికి ప్లాన్ మీద సంతకాలు అయిపోయి ఉంటాయి. ఇది నా ఏడుపు మాత్రమే కాదు. నైట్, మరికొందరు కలిసి 2008లో లెక్క తీశారు, జర్నల్స్‌లో వచ్చిన కన్జర్వేషన్ ప్రయారిటీ స్టడీల్లో మూడింట రెండొంతులు నేల మీద ఏ పనికీ దారితీయలేదని. కారణం కూడా వాళ్లే చెప్పారు, చేసినవాళ్లలో ఎక్కువమంది అసలు అమలు గురించి ముందుగా అనుకోనేలేదట.

పనికొచ్చినవి లేవా అంటే ఉన్నాయి, కానీ వాటి కథలు చదవండి. అమెరికాలోని శాన్ డియేగోలో 1993లో గ్నాట్‌క్యాచర్ అనే చిన్న పిట్టని ముప్పున్న జాతుల జాబితాలో పెట్టారు. దాంతో కట్టడాలకి ఒక్కో పర్మిషన్ ఒక్కో యుద్ధమైపోయింది. చివరికి బిల్డర్లు, ప్రభుత్వం, పర్యావరణం వాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని 1997లో 85 జాతులకి కలిపి ఒకే ప్లాన్ ఒప్పుకున్నారు, 1,72,000 ఎకరాలు కాపాడటం దాని లక్ష్యం. ఆ బల్ల దగ్గరికి బిల్డర్లని తెచ్చింది మ్యాప్ అనుకుంటున్నారా? చట్టం. పర్మిషన్ ఆగిపోతుందన్న భయం.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కథ ఇంకా చదవదగ్గది. నగరం పశ్చిమాన విస్తరించడానికి ఒప్పుకుంటూ, దానికి బదులుగా దాదాపు 15,000 హెక్టార్ల గడ్డి మైదానాన్ని కొని రిజర్వ్ చేస్తామన్నారు, 2020 లోపు. 2020లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ చూస్తే కొన్నది పదో వంతు. ఈలోపు భూమి ధర పెరిగింది, కొనని నేలలో కలుపు పెరిగింది. మ్యాప్ తప్పు కాదు, సైన్స్ తప్పు కాదు, కొనే వరసా డబ్బొచ్చే వేగమే తప్పు. ఏ ముక్క ముందు కొనాలి, డబ్బు ఆలస్యమైతే ఏ ముక్క ఎంత పాడవుతుంది అన్నది ఎవరైనా ముందే లెక్కేసి ఇచ్చి ఉంటే? అలాంటి పీహెచ్‌డీ చేసినవాళ్లు మా ఆఫీసుకి వస్తే నేనే కుర్చీ వేస్తాను.

కాబట్టి చెరువుగట్టు గారూ, మీ దగ్గర్లో ఏ నగరం ప్లాన్ ఎప్పుడు రివిజన్‌కి వస్తుందో ముందు కనుక్కుని, అప్పటికి మొదటి చాప్టర్ చేతికొచ్చేలా వెనక నుంచి ముందుకి లెక్కేసుకోండి. అవతల ఆఫీసులో ఒక్క మనిషినైనా పరిచయం చేసుకోండి, పెద్ద ఆఫీసర్ కానక్కర్లేదు, ఫైల్ కదిపే మనిషి చాలు.

పాతకాపు:

నేను విద్యార్థుల్ని తీసుకునే వైపు ఉన్నాను కాబట్టి మెయిల్స్ గురించీ డబ్బు గురించీ చెప్తాను, సబ్జెక్టు పైవాళ్లు బాగానే చెప్పారు.

ఇరవై మెయిల్స్‌కి రెండు జవాబులంటే అంత చెత్త రేటేమీ కాదు. కానీ మీ మెయిల్ ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను, తప్పుగా అనుకోకండి. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది, నాకు జీవవైవిధ్యం మీద చిన్నప్పట్నుంచి ఆసక్తి" అని మొదలై, కింద నాలుగు పేజీల బయోడేటా. ఇలాంటివి నాకు వారానికి పది వస్తాయి. పేరు మార్చి పక్కవాళ్లకి పంపినా ఏ తేడా ఉండదు, కొన్నిసార్లు పేరు మార్చడం కూడా మర్చిపోతారు. మీరు పైన మొదటి పేరాలో రాసిన గుట్ట, లేత పసుపు, ఆ ఐదు వాక్యాలు మెయిల్‌లో పెట్టండి. దాని కింద మీకు తోచిన ప్రశ్న ఒకటి, వాళ్ల ఏ పేపర్‌తో అది ఎక్కడ ముడిపడుతుందో ఒక వాక్యం. అంతే, ఫోన్‌లో స్క్రోల్ చేయకుండా చదవగలిగితే చాలు.

"ఫండింగ్ లేదు" అన్న జవాబు చాలాసార్లు నిజమే, ఎందుకంటే ఒక్కో దేశంలో తలుపు ఒక్కోచోట ఉంటుంది, మీరు గోడని తట్టి ఉంటారు. నార్వే, స్వీడన్, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే మామూలుగా జీతమున్న ఉద్యోగం, ప్రాజెక్టుకి డబ్బొచ్చాక ప్రకటన వేస్తారు, అప్పుడు అప్లై చేయాలి. ప్రకటన లేనప్పుడు ఎంత గొప్ప మెయిల్ పెట్టినా చేసేదేం లేదు. జర్మనీలో కూడా ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ, పూర్తి జీతం కాకుండా 65 శాతం కాంట్రాక్ట్ అంటే కంగారుపడకండి, మామూలే. అమెరికాలో ఫాల్ అడ్మిషన్‌కి అప్లికేషన్ గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో ఉంటాయి, కానీ అంతకు మూడు నాలుగు నెలల ముందే గైడ్‌తో మాట కుదుర్చుకోకపోతే ఎకాలజీలో సీటు రావడం కష్టం. టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో డబ్బొస్తుంది, ఐదేళ్లు అనుకోండి, అందులో మొదటి ఏడాది రెండేళ్లు క్లాసులుంటాయి. బ్రిటన్‌లో మూడున్నర నుంచి నాలుగేళ్లు, ఆస్ట్రేలియాలో ముందు గైడ్, తర్వాత స్కాలర్‌షిప్.

యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు (యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే పీహెచ్‌డీ ప్రోగ్రాములు) చూడండి, జీతం బాగుంటుంది, ఒకే నెట్‌వర్క్‌లో పదిమంది దాకా విద్యార్థుల్ని వేర్వేరు దేశాల్లో తీసుకుంటారు. వాటికో రూల్ ఉంది, గడిచిన 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. అంటే బయటినుంచి వచ్చేవాళ్లకి అది అడ్డు కాదు, అనుకూలం. ఇది తెలియక చాలామంది అసలు అప్లై చేయరు.

ఇంకో మాట. ప్రకటనల్లో ఈ సబ్జెక్టు "అర్బన్ బయోడైవర్సిటీ" అనే పేరుతో దొరకదు ఒక్కోసారి. నేచర్-బేస్డ్ సొల్యూషన్స్, గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, ల్యాండ్ యూజ్ మోడలింగ్, ఆఫ్‌సెట్స్ (ఒకచోట పాడుచేసినదానికి బదులు ఇంకోచోట కాపాడటం), నెట్ గెయిన్ (నికర లాభం), ఈ పేర్లతో కూడా వెతకండి. 2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో ఒప్పుకున్న గ్లోబల్ బయోడైవర్సిటీ ఫ్రేమ్‌వర్క్‌లో 23 టార్గెట్లు ఉన్నాయి. అందరూ 2030కల్లా 30 శాతం నేల, సముద్రం కాపాడాలన్న మూడో టార్గెట్ గురించే మాట్లాడతారు కానీ మొదటిది ప్లానింగ్ గురించి, పన్నెండోది అచ్చంగా నగరాల్లో పచ్చదనం, నీటి వనరుల గురించి. డబ్బిచ్చేవాళ్లు ఇప్పుడు ఈ నంబర్లు చూసే ఇస్తున్నారు, ప్రపోజల్‌లో ఒక్క వాక్యంలో ప్రస్తావించండి, పేజీ నింపకండి. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద కట్టడాలకి జీవవైవిధ్యంలో 10 శాతం నికర లాభం చూపించడం తప్పనిసరైంది, దాన్ని 30 ఏళ్లు నిలబెట్టాలి. ఆ లాభం నిజంగా నిలుస్తుందా అని తేల్చడానికి ముప్పై ఏళ్ల పని పడి ఉంది, కొన్ని పీహెచ్‌డీలు అక్కడే పుడతాయి.

గైడ్‌ని మీరూ ఇంటర్వ్యూ చేయాలి. పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు, డేటా చేతిలో ఉందా లేక "వస్తుంది" అంటున్నారా, ఫీల్డ్ పర్మిషన్ ఎవరి పేరు మీద ఉంది. ఈ మూడూ అడగండి. విసుక్కుంటే అదే మీకు జవాబు.

సగంలో దిగినవాడు:

పాతకాపు గారి చివరి పేరాని ప్రింట్ తీసి గోడకి అతికించుకోండి. నేను రెండున్నరేళ్లు చేసి వదిలేశాను. మా ప్రాజెక్టులో ఒక పార్ట్‌నర్ సంస్థ ఉండేది, భూముల హద్దుల డేటా వాళ్ల దగ్గరే. వస్తుంది వస్తుంది అన్నారు, మీటింగుల్లో టీ ఇచ్చారు, డేటా ఇవ్వలేదు. ఎవరి భూమి ఎక్కడిదాకానో తెలిస్తే మాకేమో సైన్స్, వాళ్లకి ఇంకేవో టెన్షన్లు, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ప్లాన్ బీ ఉండాల్సింది, లేదు. గైడ్‌ది తప్పు అనను, నేనూ అడగలేదు.

భయపెట్టడానికి కాదు. ఇప్పుడు ఒక చిన్న సంస్థలో అదే పని చేస్తున్నాను, డిగ్రీ లేకుండా. కాకపోతే థీసిస్ మొత్తం ఒక్క ఆఫీసు దయ మీద నిలబడేలా మాత్రం కట్టుకోకండి. ఉచితంగా అందరికీ దొరికే డేటాతో కనీసం ఒక చాప్టర్ పూర్తయ్యేలా చూసుకోండి.

చెరువుగట్టు:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ నిజంగా థ్యాంక్స్. పాతకాపు గారూ, నా మెయిల్ మీరు ఊహించినట్టే ఉంది, "చిన్నప్పట్నుంచి ఆసక్తి" కూడా ఉంది. సిగ్గేసింది.

రెండు ఐడియాలు అనుకున్నాను. ఒకటి, నగరం చుట్టూ మిగిలిన పచ్చటి ముక్కల మధ్య చిన్న క్షీరదాలు ఎలా కదులుతాయో సర్క్యూట్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌తో కారిడార్లు గీయడం. రెండోది కాస్త పిచ్చిగా ఉంటుందేమో, మా లెజెండ్ గురించే. "ఖాళీ స్థలం" అన్న ఒక్క క్లాస్‌ని విడగొట్టి గడ్డి, పొద, రాయి, తడి నేల అని వేరు చేస్తే, అదే సాఫ్ట్‌వేర్ ఎంచుకునే చోట్లు ఎంత మారతాయి? మొదటిదే సేఫ్ అనిపిస్తోంది. ఈబర్డ్ (పక్షులు చూసేవాళ్లు రాసే లెక్కలు), జీబీఐఎఫ్ (అన్ని జీవుల రికార్డులు ఉండే ఉచిత డేటాబేస్) డేటా వాడొచ్చా?

తూనీగ:

మొదటిది వద్దు. చెడ్డది కాదు, కానీ కరెంటు ప్రవహించినట్టు ఎరుపు పసుపు రంగుల్లో మెరిసే ఆ మ్యాపులు ఇప్పటికే బోలెడున్నాయి. జంతువు నిజంగా ఆ దారిన వెళ్తుందా అని చూసినవాళ్లు తక్కువ. మీరు జంతువులకి ట్రాకింగ్ కాలర్లు వేసో, కెమెరాలు పెట్టో సరిచూస్తానంటే వేరే సంగతి, కానీ నగరం అంచున కెమెరా పెడితే మొదట దొరికేది కెమెరా ఎత్తుకెళ్లే మనిషి ఫోటోనే (రెండు పోయాయి నావి).

రెండోదే పట్టుకోండి, నేను మొదటి జవాబులో చెప్తానని మర్చిపోయింది అదే! ఈ రంగంలో అందరూ ఆల్గారిథమ్ గురించి కొట్టుకుంటారు, మార్క్సానా జొనేషనా అని. లోపలికి వెళ్లే ల్యాండ్ కవర్ మ్యాప్‌లో (నేల మీద ఏముందో చూపేది) క్లాసులు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగేవాళ్లు తక్కువ. అందరూ వాడే యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వరల్డ్‌కవర్ చూడండి, 10 మీటర్ల మ్యాప్, 2020కి, 2021కి ఉంది, మొత్తం ప్రపంచానికి 11 క్లాసులే. ప్రపంచానికి అది చాలు, ఒక నగరం అంచుకి చాలదు. మీ గుట్ట అందులో "బేర్" (బోడి నేల) అని వస్తుంది లేదా గడ్డి అని వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి బేర్ అంటే పనికిరాని నేల. అంటే అక్కడ బల్లి పోవడానికి బిల్డర్ కంటే ముందు లెజెండ్ సంతకం పెట్టేసింది.

ఎలా చేయొచ్చంటే, ఒకే ప్రాంతానికి రెండు మూడు లెజెండ్లు తయారుచేయండి, మోటుది, మధ్యస్థం, సన్నంది. మూడిటితో ప్రయారిటైజర్ రన్ చేసి ఎంచుకున్న గ్రిడ్‌లు ఎంత కలుస్తున్నాయో చూడండి. అక్కడితో ఆగితే కంప్యూటర్ ఆట అవుతుంది. తేడా వచ్చిన గ్రిడ్‌లకి మీరు స్వయంగా వెళ్లి సర్వే చేయాలి, సన్నం లెజెండ్ ఎంచుకున్న చోట నిజంగా ఎక్కువ జాతులు, లేదా వేరే జాతులు ఉన్నాయా అని. లేకపోతే అది కూడా రిజల్టే, అప్పుడు ఖర్చు పెట్టి సన్నంగా మ్యాప్ చేయడం దండగ అని తేలుతుంది. ఎటు పడినా థీసిస్ నిలుస్తుంది, అలాంటి ప్రశ్న దొరకడం అదృష్టం.

ఈబర్డ్ వాడండి కానీ కళ్లు మూసుకుని కాదు. పక్షులు చూసేవాళ్లు పార్కుకి వెళ్తారు, చెరువు గట్టుకి వెళ్తారు, మీరు "ఖాళీ" అని గీసిన ముళ్లపొదల్లోకి ఆదివారం పొద్దున ఎవరూ వెళ్లరు. అందుకని మ్యాప్‌లో ఖాళీ, డేటాలో కూడా ఖాళీ. అక్కడ జాతి కనబడలేదంటే లేదని కాదు, చూసినవాళ్లు లేరని. ఆ తేడాని స్టాటిస్టిక్స్‌లో చూపించడానికి ఆక్యుపెన్సీ మోడల్స్ నేర్చుకోవాలి, ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఉన్నా కనబడకపోయే అవకాశాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతి. బల్లులకైతే ఇది మరీ ముఖ్యం, ఎండ ఎక్కితే రాయి కిందికి పోతాయి, పది గంటలకి వెళ్తే గుట్ట మీద ఏమీ లేదని రాసుకొస్తారు.

నక్షావాలా:

లెజెండ్ ఐడియా నాకూ నచ్చింది. దానికి ఒక పుల్ల కలుపుతాను. లెజెండ్ మీ వైపే కాదు, మా వైపు కూడా ఉంది. మా ప్లాన్‌లో నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, పార్కు అన్నిటికీ రంగులున్నాయి. దేనికీ చెందని నేలకి ఒక పేరుంది, "భవిష్యత్ అవసరాలకు". బీడు అన్న రంగు మా పెట్టెలో లేదు. అంటే మీరు ఎంత సన్నంగా మ్యాప్ చేసి ఇచ్చినా దాన్ని పోసుకోవడానికి మా దగ్గర గిన్నె లేదు. మీ నాలుగో చాప్టర్‌కి మాలాంటి పదిమందిని కూర్చోబెట్టి ఈ రంగుల్ని ఎవరు నిర్ణయించారో, కొత్తది కలపాలంటే ఏం కావాలో అడగండి. నాకు తెలిసి మాలో చాలామందికి కూడా తెలియదు, ముందున్న ప్లాన్ నుంచి కాపీ చేసుకున్నవే అవి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వాళ్ల బయోడైవర్సిటీ నెట్‌వర్క్ ఫైళ్లు కూడా చూడండి. నగరం లోపల, చుట్టూ మిగిలిన ఫిన్‌బోస్ (అక్కడి పొదల నేల) ముక్కల్ని సిస్టమాటిక్ ప్లానింగ్ పద్ధతిలోనే, అంటే తూనీగ గారు చెప్పిన లెక్క వేసే పద్ధతిలో ఎంచి నగరం ప్లాన్‌లో కలిపారు. వాళ్ల నేలలు బయటివాడి కంటికి అచ్చం మీ "ఖాళీ స్థలం" లాగే ఉంటాయి, ఇసుక, మోకాలెత్తు పొదలు. వాటికి పేర్లు పెట్టుకున్నారు కాబట్టి ప్లాన్‌లో చోటు దొరికింది.

చెరువుగట్టు:

అప్‌డేట్. పోయిన నెల మెయిల్ మొత్తం మార్చి రాశాను, పదకొండు వాక్యాలు, గుట్ట ఫోటో ఒకటి, దాని పక్కనే అదే చోటు మా మ్యాప్‌లో పసుపుగా ఉన్న స్క్రీన్‌షాట్ పెడదామనుకున్నాను కానీ కంపెనీ డేటా కదా అని భయమేసి, వరల్డ్‌కవర్‌లో అదే చోటు తీసి పెట్టాను. నలుగురికే పంపాను. ఒకరు ఆరో రోజున రాశారు, ఫండింగ్ ప్రకటన రెండు నెలల్లో వస్తుంది, ఈలోపు మూడు పేజీల నోట్ పంపమని. ఇంకొకరు ప్లానింగ్ డిపార్ట్‌మెంట్ ఆవిడ, ఆవిడ డబ్బు మాట ఎత్తలేదు కానీ "ఈ లెజెండ్ ఎవరు చేశారు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. నక్షావాలా గారూ, మీరే గుర్తొచ్చారు.

నోట్ రాస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను. సెలవు రోజున బండేసుకుని గుట్ట దగ్గరికి వెళ్లొచ్చాను, ఇంకా ఉంది. పొద్దున ఏడింటికి వెళ్తే రాళ్ల మీద బల్లులు కూడా ఉన్నాయి. కానీ అక్కడ నిలబడి చూస్తే రాయి ఎక్కడ అయిపోయి గడ్డి ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం, రాళ్ల సందుల్లోనే గడ్డి, గడ్డి మధ్యలోనే పొద. 10 మీటర్ల పిక్సెల్‌లో మూడూ ఉంటాయి. అలాంటప్పుడు వేరే వేరే క్లాసులు చేయాలా, లేక ప్రతి పిక్సెల్‌లో ఏది ఎంత శాతం ఉందో ఇవ్వాలా? శాతాలు ఇస్తే ప్రయారిటైజర్ తీసుకుంటుందా? తూనీగ గారూ, మీరేం చేశారు?

తూనీగ:

తీసుకుంటుంది, ఫీచర్ రాస్టర్‌లో (కాపాడాల్సినది ఏ పిక్సెల్‌లో ఎంతుందో చెప్పే లేయర్) సున్నా ఒకట్లే ఉండాలని రూల్ లేదు. రాయి ఒక లేయర్, గడ్డి ఒక లేయర్, పొద ఒక లేయర్ చేసి ఒక్కోదానికి విడిగా టార్గెట్ (ఎంత భాగం కాపాడాలో) ఇవ్వండి. కాకపోతే శాతాలు తీయడానికి ఎండాకాలం ఇమేజ్, వానలయ్యాక ఇమేజ్ రెండూ కావాలి, ఒక్కటే తీసుకుంటే ఎండిన గడ్డి, మట్టి ఒకేలా కనబడతాయి. నా కోడ్ కొంచెం గజిబిజిగా ఉంది, ఆదివారం శుభ్రం చేసి పంపుతాను.